మీ ప్రశ్న – మా జవాబు: స్కోప్ కింద ఏ రెయిల్ వెయ్యాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ. రైఫిల్‌కి స్కోప్ (గురి చూసే దుర్భిణి) కొనేశాం, దాని కింద వేసే రెయిల్ (స్కోప్‌ని రైఫిల్‌కి పట్టించే లోహపు పట్టీ) ఏది తీసుకోవాలి, చదునుదా వాలుదా, వాలు ఇరవై ఎంవోఏనా నలభైయా అని (ఎంవోఏ అంటే కోణం కొలత, లెక్క కింద చెప్తాను). బరంపురం నుంచి జయపురం దాకా ఇంతమంది దూరం గురి మీద పడ్డారని నాకు ఇప్పుడే తెలిసింది. అందుకే షూటింగ్ జాకెట్లు, చెవి మఫ్‌ల ప్రశ్నలన్నీ వచ్చే నెలకి తోసేసి ఈసారి మొత్తం రెయిల్‌కే ఇచ్చేశాను. ముందే ఒక సంగతి చెప్పేస్తాను. ఇవన్నీ లైసెన్సున్న ఆయుధం, అనుమతున్న రేంజ్ ఉన్నవాళ్ల కోసం రాస్తున్న జవాబులు. పొలంలోకొచ్చే అడవి పందిని ఎంత దూరం నుంచి కొట్టొచ్చని అడిగినవాళ్ల ఉత్తరాలు పక్కన పెట్టేశాను, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఏమంటుందో అటవీశాఖ ఆఫీసులో అడగాలి గానీ నన్ను కాదు.

ప్రశ్న: అన్నగారూ, నాది .22 రైఫిల్. క్లబ్బులో 50 మీటర్లు కొడుతుంటాను. ఇప్పుడు స్కోప్ పెట్టుకుని 100 మీటర్లకి వెళ్దామని ఉంది, కుదిరితే 200 కూడా. షాపతను ముందు 20 ఎంవోఏ రెయిల్ చూపించాడు, తర్వాత 40ది తీసి “ఎక్కువుంటే ఎప్పటికైనా పనికొస్తుంది” అన్నాడు. ధరలో పెద్ద తేడా లేదు. నలభైదే తీసేసుకోమంటారా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: వద్దు తమ్ముడూ. కనీసం కింద చెప్పే లెక్క చేసేదాకా ఏదీ కొనకు. “ఎక్కువుంటే మంచిదే” అన్నది పెళ్లి వంటలకి బియ్యం కొలిచేటప్పుడు చెల్లుతుందేమో గానీ, ఇక్కడ చెల్లదు.

వాలు రెయిల్ చేసే పనేమిటో ముందు చూద్దాం. తూటా బ్యారెల్ దాటిన క్షణం నుంచీ కిందికి పడుతూనే ఉంటుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ బ్యారెల్‌ని కాస్త కాస్త పైకెత్తి పట్టాలి, ఎంత ఎత్తాలో చెప్పేది స్కోప్ నెత్తిన ఉండే నాబ్. నాబ్ తిప్పినప్పుడు స్కోప్ లోపల చిన్న గొట్టం ఒకటి వంగుతుంది. అది బయటి గొట్టం గోడకి తగిలేదాకానే వంగగలదు, అక్కడికి నీ సర్దుబాటు అయిపోయినట్టే. స్కోప్‌ని చదును బేస్ (వాలు లేని రెయిల్) మీద బిగిస్తే ఈ మొత్తం తిరుగుడులో దాదాపు సగం పైకీ సగం కిందికీ ఉంటుంది. కిందికున్న సగంతో నీకు పనేముంది? వాలు రెయిల్ వెనక వైపు, అంటే కంటి వైపు, కాస్త ఎత్తుగా ఉండి స్కోప్ ముక్కుని కిందికి దించుతుంది. దాంతో వృథాగా పడున్న సగంలోంచి కొంత పై సగంలోకి వచ్చి కలుస్తుంది. అంతకు మించి మాయేం లేదు. రెయిల్ కొత్తగా సర్దుబాటు పుట్టించదు, ఉన్నదాన్ని ఇటునుంచి అటు జరుపుతుంది. అందుకే నీ స్కోప్‌లో ఎంతుందో తెలియకుండా రెయిల్ కొనడం అర్థం లేని పని.

ఎంవోఏ అంటే డిగ్రీలో 60వ వంతు. 100 గజాల దగ్గర అంగుళం మీద పిసరంత ఎక్కువ (1.047), 100 మీటర్ల దగ్గర 2.9 సెంటీమీటర్లు. 20 ఎంవోఏ అనగానే అందరూ ఏదో ఏటవాలు ఊహించుకుంటారు గానీ, 15 సెంటీమీటర్ల రెయిల్ మీద ఒక చివరికీ రెండో చివరికీ ఎత్తులో వచ్చే తేడా 0.87 మిల్లీమీటరు. మిల్లీమీటరు కూడా నిండలేదు చూడు! చేత్తో పట్టుకుంటే తెలీదు, కంటికి ఆనదు. వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పెట్టి ముందు చివర మందం, వెనక చివర మందం కొలిస్తేనే బయటపడుతుంది. షాపులోనే కొలిచి చూసుకో, చదును రెయిల్‌ని వాలుదని అంటగట్టేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు నీ .22 లెక్క. సెకనుకి 1070 అడుగుల చుట్టూ పోయే మామూలు టార్గెట్ తూటా అనుకుందాం. 50 మీటర్లు వెళ్లేలోపే అది 12 సెంటీమీటర్లు పడిపోతుంది, పైగా స్కోప్ బ్యారెల్ కంటే ఓ 4 సెంటీమీటర్లు పైన కూర్చుంటుంది. ఈ 16 సెంటీమీటర్లని సరిచెయ్యడానికే, అంటే 50 మీటర్లకి జీరో చెయ్యడానికే (గురి పెట్టిన చోటే తూటా తగిలేలా నాబ్ సర్దడానికే), 11 ఎంవోఏ ఖర్చు. చాలామంది ఈ ఖర్చు మర్చిపోయి లెక్క వేస్తారు, తర్వాత రేంజ్‌లో నాబ్ తిరగడం ఆగిపోయాక స్కోప్‌ని తిడతారు. 50 మీటర్ల జీరోతో 100 మీటర్లకి కొడితే తూటా సుమారు 20 సెంటీమీటర్లు కింద తగులుతుంది, అంటే ఇంకో 7 ఎంవోఏ. అదే 200 మీటర్లయితే 50 జీరో మీద 30 ఎంవోఏ దాకా ఎక్కాలి.

నీ స్కోప్ మొత్తం తిరుగుడు 60 ఎంవోఏ అనుకో. చదును బేస్ మీద పైకి 30 ఉంటుంది, అందులో జీరోకి 11 పోతే మిగిలేది 19. 100 మీటర్లకి కావలసింది 7 కాబట్టి హాయిగా సరిపోతుంది, అసలు వాలు రెయిలే అక్కర్లేదు. 200కి మాత్రం చాలదు. 20 రెయిల్ వేస్తే జీరో చేశాక పైకి 39 మిగులుతుంది, 200 కూడా అందుతుంది, కిందికీ 21 చేతిలో ఉంటుంది. 40 వేస్తే పైకి 59, కిందికి 1. కాగితం మీద కుదిరినట్టే ఉంది కదా? కానీ స్కోప్‌ని పట్టుకునే రింగుల్లో, రిసీవర్‌లో (బ్యారెల్ బిగించి ఉండే రైఫిల్ ఒంట్లో) ఉండే చిన్న చిన్న తేడాలే రెండు మూడు ఎంవోఏ తినేస్తాయి. అవి అటు కాకుండా ఇటు పడ్డాయంటే నాబ్ అడుగు దాకా తిప్పేసినా 50 మీటర్లకి జీరో అవదు. పైగా లోపలి గొట్టం గోడకి ఆనుకుని ఉన్నప్పుడు పక్కలకి జరిగే చోటు కూడా తగ్గిపోతుంది, ఎందుకంటే ఆ బయటి గొట్టం గుండ్రటిది కదా, అడుగున ఇరుకు. గాలికి సర్దుదామంటే నాబ్ కదలదు. ఇక నీది ఒక అంగుళం గొట్టం ఉన్న పాతకాలం స్కోప్ అయి, మొత్తం తిరుగుడు 40యే అయితే 40 రెయిల్ మీద 50 మీటర్ల దగ్గర తూటాలు ఓ 13 సెంటీమీటర్లు పైనే తగులుతుంటాయి, నువ్వేం చేసినా దిగవు.

కాబట్టి చెయ్యాల్సింది ఇది. ప్రస్తుతం ఉన్న బేస్ మీదే రైఫిల్‌ని 50 మీటర్లకి జీరో చేసి, నాబ్ మీద అంకె కాగితం మీద రాసిపెట్టుకో. ఖాళీ రైఫిల్‌తో, ఛాంబర్ (తూటా కూర్చునే గది) చూసుకుని, నాబ్‌ని పైకి ఆగేదాకా నెమ్మదిగా తిప్పుతూ క్లిక్కులు లెక్కపెట్టు. పావు ఎంవోఏ క్లిక్కయితే నాలుగు క్లిక్కులకి ఒక ఎంవోఏ. మిల్ (ఇంకో కోణం కొలత) స్కోప్ అయితే ఒక్కో క్లిక్కు 100 మీటర్ల దగ్గర 1 సెంటీమీటరు, 1 మిల్ అంటే 3.44 ఎంవోఏ. ఆగిన చోట బలవంతం చెయ్యకు. అలాగే కిందికీ లెక్కపెట్టి, మళ్లీ రాసుకున్న అంకెకి తెచ్చెయ్. పైకి మిగిలింది నీకు కావలసిన దూరానికి చాలితే రెయిల్ డబ్బులు తూటాలకి పెట్టుకో. చాలకపోతే, కిందికి మిగిలినదానికంటే కనీసం ఓ ఐదు తక్కువ వాలు ఉన్న రెయిల్ తీసుకో. స్కోప్ డబ్బా మీద అచ్చేసిన అంకెని నమ్మి కొనొద్దు, నీ రైఫిల్ మీద బిగించాక మిగిలిందే నీది. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే 200 ఖాయమైతే 20 సరిపోతుంది, 100 దగ్గరే ఆగితే చదునే మేలు.

ప్రశ్న: అయ్యా, మా రెండోవాడు కెనడాలో ఉద్యోగం. అక్కడ ఎఫ్ క్లాస్ అని ఏదో పోటీల్లో .308తో 900 మీటర్లు కొడుతున్నాడు. కొత్త రెయిల్ కావాలి, స్టీలా అల్యూమినియమా, ఇరవైయా ముప్పైయా తేల్చుకోలేకపోతున్నానని ఫోన్‌లో అంటుంటాడు. మా ఊళ్లో చెయ్యి తిరిగిన పనివాళ్లు ఉన్నారు, కొలతలు పంపితే ఇక్కడే లేత్ మీద చేయించి పంపుదామని నా ఆలోచన. మీరేమంటారు?
– రిటైర్డ్ ఉద్యోగి, పర్లాకిమిడి

జవాబు: పెద్దవారు, మీ ముచ్చట అర్థమైంది. పర్లాకిమిడి కొమ్ము పని చేసే చేతుల మీద నాకూ గౌరవమే. కానీ రెయిల్ మాత్రం అక్కడే కొనుక్కోమనండి. తుపాకి భాగం సరిహద్దులు దాటించడం అంటే రెండు దేశాల కస్టమ్స్ వాళ్లకీ జవాబు చెప్పుకోవాలి, అంత టెన్షన్ ఈ వయసులో మీకెందుకు.

పనితనం సంగతి కూడా చెప్తాను. వాలులో అర ఎంవోఏ అటూ ఇటూ అయితే నష్టం లేదు, జీరో చేసినప్పుడు అది కలిసిపోతుంది. 15 సెంటీమీటర్ల పొడవు మీద 0.03 మిల్లీమీటరు తేడా వస్తే 0.7 ఎంవోఏ, దాంతో కొంప మునగదు. మునిగేది రెయిల్ పై ముఖం మెలి తిరిగి ఉంటే, లేదా మధ్యలో వంగి ఉంటే. అప్పుడు రెండు రింగులూ ఒకే వరసలో ఉండవు. స్కోప్ గొట్టాన్ని రెండు చేతులా పట్టి మెలిపెట్టినట్టు బిగుస్తాయి, నాబ్ క్లిక్కులు సరిగ్గా నడవవు. మంచి రెయిల్‌కి మీరు ఇచ్చే డబ్బు ఈ తిన్నదనానికే, నలుపు రంగుకి కాదు.

మీ అబ్బాయి తనంతట తాను చెయ్యగల పరీక్ష ఒకటుంది. రెయిల్‌ని రిసీవర్ మీద పెట్టి ముందు వైపు ఒక్క స్క్రూ మాత్రమే బిగించి, వెనక చివర కింద సన్నటి టిష్యూ పేపరు ముక్క దూరుతుందేమో చూడమనండి. తర్వాత అది విప్పి, వెనక స్క్రూ బిగించి ముందు చూడాలి. కాగితం జారిందంటే అక్కడ సందుంది. అన్ని స్క్రూలూ బిగిస్తే ఆ సందు మూసుకుపోతుంది, రెయిల్ వంగుతుంది. అలాంటప్పుడు సందులో ఎపాక్సీ నింపి గట్టిపడనిచ్చి కూర్చోబెడతారు. ఆ పని అక్కడి గన్‌స్మిత్ చేస్తాడు. ఇంకోటి, ముందు వైపు స్క్రూ పొడుగెక్కువైతే లోపలికి దిగి బోల్ట్‌కి (తూటాని ఛాంబర్‌లోకి తోసే కడ్డీకి) అడ్డం పడుతుంది. ముందు బోల్ట్ నున్నగా ఆడి, రెయిల్ వేశాక పట్టేస్తుంటే అనుమానించాల్సింది ఆ స్క్రూనే.

ఇరవైయా ముప్పైయా అంటే, పైన గుణుపురం తమ్ముడికి చెప్పిన లెక్కే. .308లో పోటీలకి వాడే బరువైన తూటాకి 100 గజాల జీరో నుంచి 1000 గజాలకి సుమారు 38 నుంచి 40 ఎంవోఏ ఎక్కాలి, 900 మీటర్లు దానికి కాస్త తక్కువ. 60 తిరుగుడున్న స్కోప్‌లో 100 గజాల జీరోకి నాలుగైదు పోతే చదును బేస్ మీద 25 మిగులుతుంది. చాలదు. 20 రెయిల్ మీద 45, సరిపోతుంది. 40 వేస్తే 100 గజాలకి అసలు జీరోయే అవదు, 300 గజాలు దాటాకే గురి కుదురుతుంది. దూరం పోటీలు మాత్రమే కొట్టేవాళ్లు కొందరు అలాగే వాడుకుంటారు, దానికేం అభ్యంతరం లేదు గానీ తూటాలు పరీక్షించడానికి 100 గజాల రేంజ్‌కి వెళ్లినప్పుడల్లా ఇబ్బందే. స్కోప్ తిరుగుడు 80 పైన ఉంటే 30 వేసుకోమనండి, భేషుగ్గా ఉంటుంది.

లోహం విషయానికొస్తే, తను కొట్టేది ఎఫ్‌టీఆర్ తరగతి అయి ఉంటుంది. అందులో .223, .308 రెండే అనుమతి, స్కోపూ బైపాడూ (ముందు వేసే రెండు కాళ్ల స్టాండూ) కలిపి మొత్తం బరువు 8.25 కిలోలు దాటకూడదు. పోటీ ముందు తూకం వేస్తారు. ఇప్పటికే తూకం అంచున ఉంటే అల్యూమినియం, చోటుంటే స్టీలు. .308 దెబ్బకి మంచి అల్యూమినియం రెయిల్ బాగానే తట్టుకుంటుంది, స్టీలు కాదని దిగులు పడక్కర్లేదు. అన్నట్టు ఎఫ్ క్లాస్‌లోని ఆ ఎఫ్ ఫార్కర్‌సన్ అనే ఆయనది, జార్జ్ ఫార్కర్‌సన్, కెనడా మనిషే. మీవాడు ఆ పోటీ పుట్టింట్లోనే ఉన్నాడు.

ప్రశ్న: పికాటినీ రింగులు కొన్నాను, వాటి అడ్డకమ్మీ నా రెయిల్ మీదున్న గాడిలో దిగట్లేదు. మా ఫ్రెండ్ రింగులు మాత్రం ఏ రెయిల్ మీదైనా పడుతున్నాయి. నావి డూప్లికేటా?
– డిగ్రీ విద్యార్థి, జయపురం

జవాబు: డూప్లికేట్ కాకపోవచ్చు. వీవర్, పికాటినీ అని రెయిళ్లలో రెండు రకాలు, నీ రెయిల్ వీవర్ రకం అయ్యుంటుంది. వీవర్ గాడి వెడల్పు 4.57 మిల్లీమీటర్లు, పికాటినీది 5.23. పైగా పికాటినీలో గాళ్లన్నీ 10.01 మిల్లీమీటర్లకొకటి చొప్పున వరసగా ఉండాలని 1995లో అమెరికా సైన్యం ప్రమాణం పెట్టుకుంది, వీవర్‌లో గాళ్ల మధ్య దూరానికి అలాంటి లెక్కేం లేదు. కాబట్టి వీవర్ రింగులు పికాటినీ మీద దాదాపు ఎప్పుడూ పడతాయి, పికాటినీ రింగులు వీవర్ మీద పడకపోవచ్చు. నీ ఫ్రెండ్‌వి వీవర్ రింగులు. ఆకురాయితో గాడి రుద్ది వెడల్పు చేస్తానని మాత్రం కూర్చోకు, రెయిల్ మార్చు. కొనేటప్పుడు స్కేలు కాదు, వెర్నియర్ తీసుకెళ్లు.

ప్రశ్న: సార్, మాది స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్, బ్యారెల్ విరిచి నింపేది, .177. పది పదిహేను షాట్లకే స్కోప్ వెనక్కి జరిగిపోతోంది. ఇంకో సమస్య, 20 మీటర్లకే నాబ్ పైకి చివరిదాకా తిప్పాల్సి వస్తోంది. 20 ఎంవోఏ రెయిల్ వెయ్యమని ఒకాయన అంటే అందరూ నవ్వారు, ఇరవై మీటర్లకి దూరం రెయిలా అని. నిజంగా నవ్వులాటేనా?
– పాఠకుడు, బరంపురం

జవాబు: నవ్వినవాళ్లకే తెలీదు, ఆ ఒకాయన సరిగ్గా చెప్పాడు. విరిచే ఎయిర్ రైఫిళ్లలో చాలావాటికి బ్యారెల్ మూసినప్పుడు స్కోప్ గాడితో సమానంగా కాకుండా కాస్త కిందికి చూస్తూ ఆగుతుంది. దాంతో ఎంత దగ్గరైనా పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) కిందే తగులుతుంది. దీనికి దూరంతో సంబంధం లేదు, బ్యారెల్ వాలుని రెయిల్ వాలుతో కొట్టెయ్యాలంతే. ఈ పనికోసమే 11 మిల్లీమీటర్ల గాడి మీద కూర్చునే వాలు అడాప్టర్లు దొరుకుతాయి. వాటిని తిప్పి కూడా బిగించొచ్చు కాబట్టి జాగ్రత్త, ఎత్తు చివర కంటి వైపే ఉండాలి. తిరగేసి వేశావో, ఉన్న 20 కూడా పోయి ఇంకా కిందికి పోతుంది. అడాప్టర్ పెడితే స్కోప్ ఎత్తు పెరుగుతుంది కాబట్టి చెంప ఆనే చోట కాస్త మెత్త కట్టుకోవాల్సి రావచ్చు.

వెనక్కి జరగడం గురించి. పెద్ద రైఫిల్ ఒక్కసారే వెనక్కి తంతుంది. స్ప్రింగ్ రైఫిల్ రెండుసార్లు తన్నుతుంది, లోపలి పిస్టన్ ముందుకి దూకేటప్పుడు రైఫిల్ వెనక్కి పోతుంది, పిస్టన్ చివరికెళ్లి ఆగిపోగానే రైఫిల్ ముందుకి కుదుపు ఇస్తుంది. స్కోప్ మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, రైఫిల్ దాని కిందనుంచి ముందుకి జారిపోతుంది. నీకు స్కోప్ వెనక్కొచ్చినట్టు కనపడేది అందుకే. నువ్వు స్క్రూలు ఎంత బిగించినా గాడి అంచులు నలిగిపోవడం తప్ప లాభం లేదు. కింద పిన్ను ఉన్న మౌంట్ (స్కోప్‌ని పట్టే ముక్క) కొని ఆ పిన్నుని రిసీవర్ మీదున్న చిల్లులో దించాలి. మన దగ్గర అమ్మే కొన్ని మోడళ్లకి ఆ చిల్లే ఉండదు, వాటికి పొడుగాటి ఒంటి ముక్క మౌంట్, నాలుగు స్క్రూలకి తక్కువ కాకుండా పట్టేది, కొంత నయం. స్కోప్ కూడా ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని రాసి ఉన్నదే అయ్యుండాలి, పెద్ద పెద్ద రైఫిళ్ల మీద ఏళ్లు నిలిచినవి కూడా ఈ రెండు వైపుల కుదుపుకి లోపల గురి చూసే క్రాస్ గీతలు ఊడి కూర్చుంటాయి. నీది .177, శక్తి 20 జౌల్స్ లోపే అయితే లైసెన్సు బాధ లేదు, స్ప్రింగ్ మార్చి శక్తి పెంచుకునే తెలివితేటలు మాత్రం చూపించకు.

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. కళ్లజోడు ఉంది. స్కోపూ రెయిలూ పెట్టిస్తే మార్కులు పెరుగుతాయని తెలిసినవాళ్లు చెప్తున్నారు. ఎంతలో వస్తాయి?
– ఒక అమ్మ, రాయగడ

జవాబు: అక్కా, ఒక్క రూపాయి పెట్టకండి. ఒలింపిక్ పద్ధతి రైఫిల్ పోటీల్లో స్కోప్ నిషేధం, వెనక సన్నటి చిల్లు ఉన్న పీప్ సైట్, ముందు రింగు, అంతే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం ఇలా కొట్టినవే. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్లలో కాంస్యం తెచ్చింది కూడా స్కోప్ లేకుండానే. ఆ 10 మీటర్ల టార్గెట్‌లో పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, అది కంటికి విడిగా కనపడనే కనపడదు. నల్లటి గుండ్రాన్ని రింగు మధ్యలో కూర్చోబెట్టడమే విద్య. కళ్లజోడుకి దారి ఉంది, వెనక సైట్‌కి పవర్ అద్దం బిగించుకోనిస్తారు, లేదా షూటింగ్ కళ్లజోడు పెట్టుకోవచ్చు. మెడ బాగా వంచాల్సి వస్తోందని పాప అంటుంటే సైట్‌ని ఎత్తే చిన్న బ్లాకులు ఉంటాయి, అవి కోచ్‌ని అడిగి తీసుకోండి.

ప్రశ్న: తాతగారి .315 రైఫిల్ ఇంట్లో ఉంది. ఆయన కాలం చేశారు. దాని మీద రెయిల్ లేదు, మా వీధిలో వెల్డింగ్ షాపు బాబాయి చిల్లులు వేసి బిగించేస్తానంటున్నాడు. వేయించనా?
– పాఠకుడు, ఛత్రపురం

జవాబు: బాబూ, రెయిల్ సంగతి తర్వాత. ముందు ఆ రైఫిల్ ఇప్పుడు ఎవరి పేరున ఉంది? లైసెన్సున్న మనిషి పోయాక అది ఇంట్లో ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం కుదరదు, పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. తర్వాత వారసులుగా మీ పేర లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ పని రేపే చెయ్యి.

వెల్డింగ్ షాపు మాట మర్చిపో. తుపాకి బాగుచెయ్యడానికీ మార్చడానికీ కూడా ఆ చట్టంలోనే 5వ సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి, మీ బాబాయికి ఉండి ఉండదు. అదీకాక ఛాంబర్ మీద ఎంత లోతు చిల్లు వేస్తున్నామో తెలియకుండా డ్రిల్ పెట్టడం అంటే ముఖం పక్కన బాంబు పెట్టుకోవడమే. ఇషాపూర్ .315 పాత లీ ఎన్‌ఫీల్డ్ తరహాది, దాని తూటా బరువుగా నెమ్మదిగా పోయేది, దూరం గురికి పుట్టింది కాదు. లైసెన్సు వచ్చాక కూడా దాన్ని ఉన్నదున్నట్టు ఉంచు, చిల్లులు పొడిచిన పాత రైఫిల్‌కి విలువ కూడా పడిపోతుంది.

ప్రశ్న: రెయిల్ స్క్రూలు వదులవుతున్నాయి. ఎంత గట్టిగా బిగించాలి?
– మాజీ సైనికుడు, కొరాపుట్

జవాబు: చేతి బలంతో కాదు సార్, టార్క్ డ్రైవర్‌తో (ఎంత బలంతో బిగించాలో కొలిచే స్క్రూడ్రైవర్‌తో). రెయిల్‌ని రిసీవర్‌కి పట్టించే చిన్న స్క్రూలకీ, రింగు మూతల స్క్రూలకీ సాధారణంగా 15 నుంచి 18 ఇంచ్ పౌండ్లు, అంటే సుమారు 2 న్యూటన్ మీటర్లు. రింగుల్ని రెయిల్‌కి పట్టించే పెద్ద నట్లయితే 65 దాకా చెప్తారు. మీ కంపెనీ కాగితంలో వేరే అంకె ఉంటే అదే ఖాయం చేసుకోండి. బిగించే ముందు స్క్రూనీ చిల్లునీ స్పిరిట్‌తో తుడిచి జిడ్డు పూర్తిగా తీసెయ్యాలి, వదులవడానికి సగం కారణం ఆ నూనే. తర్వాత రెయిల్ స్క్రూలకి నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు) చుక్క, ఎర్రది వద్దు, దాన్ని తర్వాత వేడి చేస్తే గానీ విప్పలేరు. రింగు మూతలకి ఏదీ రాయకండి. రింగుని గాడిలో పెట్టాక ముందుకి, అంటే బ్యారెల్ వైపుకి, తోసి పట్టుకుని బిగించండి. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు అడ్డకమ్మీ అప్పటికే గాడి అంచుకి ఆని ఉంటుంది కాబట్టి జరగడానికి చోటుండదు. అంతా అయ్యాక స్క్రూ తల మీంచి రెయిల్ మీదకి నెయిల్ పాలిష్‌తో సన్నటి గీత గీసెయ్యండి, స్క్రూ ఏ మాత్రం తిరిగినా గీత విరిగినట్టు కనపడుతుంది. ఆ పాలిష్ ఇంట్లోవాళ్లని అడిగే తీసుకోండి, చెప్పకుండా తీస్తే వచ్చే గొడవకి ఈ శీర్షిక బాధ్యత వహించదు.